గట్టు మీది పిల్ల, గండిలోని దారి



మాది సంగం జాగర్లమూడి. గుంటూరు నుంచి తెనాలి వెళ్లే పాసింజరు వేజెండ్ల దాటాక ఆగే చిన్న స్టేషను. సంగమేశ్వరస్వామి గుడి శిఖరం సంగతి పక్కన పెడితే, మా ఊళ్లో మనిషి ఎక్కగలిగిన ఎత్తు కాలవ గట్టు ఒక్కటే. తెనాలి పట్టణమే సముద్రమట్టానికి పది పన్నెండు మీటర్ల ఎత్తులో ఉంది. ఇక అక్కణ్ణించి బాపట్ల, రేపల్లె వైపు పోయేకొద్దీ నేల అరచెయ్యి చాపినట్టే ఉంటుంది. గట్టెక్కి చూస్తే నాలుగు పక్కలా మాగాణి, తాటిచెట్ల వరస, ఆపైన ఆకాశం. అలాంటి ఊళ్లో పుట్టిన నేను కొండ చీలికల్లోకి దిగే దారుల గురించి ఇవాళ మీతో మాట్లాడబోతున్నాను. మా వీధివాళ్లు వింటే నవ్వుతారు. నవ్వనీయండి.

మా నాన్న కాలవ మీద లస్కరు. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియదేమో. కాలవ గట్టును కనిపెట్టుకుని ఉండే చిన్న ఉద్యోగి. గేజి చూడాలి, తూములు చూడాలి, గట్టు మీద ఎండ్రకాయ బొక్క కనపడితే పూడ్చాలి. ఆ బొక్కలోంచి ఇవాళ చెంబెడు నీళ్లు కారితే, రేపు తెల్లారేసరికి గట్టు గట్టంతా పోవచ్చు. వానాకాలంలో నాన్న ఇంట్లో పడుకోవడం నేను చూసింది తక్కువ. గోనెసంచి తలమీద కప్పుకుని, చేతిలో లాంతరు పట్టుకుని, రాత్రంతా గట్టు మీదే. మా ఇంట్లో పిల్లలు పలకకూడని మాట ఒకటుండేది. దెయ్యం పేరు కాదు. 'గండి'. ఎవరైనా పొరపాటున అంటే అమ్మ నోటిమీద వేలేసుకునేది. గండి పడింది అంటే ఊరంతా పలుగూ పారా పట్టుకుని పరుగెత్తాలి. ఇసుక బస్తాలు, తాటిమొద్దులు, వెదురు బాదులు, ఏది దొరికితే అది పడెయ్యాలి. 1952లో బెజవాడ దగ్గర పాత ఆనకట్టకే గండి పడింది. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజీ అందువల్లే వచ్చింది, 1957లో. నాన్న ఆ సంగతి చెప్పేటప్పుడు ఇంట్లో మనిషికి జబ్బు చేసినట్టు గొంతు తగ్గించేవాడు.

నా పెళ్లయిన కొత్తలో వేంపల్లెలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. నాన్న కూడా వచ్చాడు. కడప జిల్లాకు ఆయన రావడం అదే మొదలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాడు. ఇంతలో కండక్టరు గట్టిగా కేకేశాడు, "గండీ! గండీ! గండిలో దిగేటోళ్లు రండి!" నాన్న దిగ్గున లేచి నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే పార కోసం వెతికింది. కండక్టరు ఆయన్ను ఎగాదిగా చూసి, "ఏం పెద్దాయనా, గండిలో దిగతావా?" అన్నాడు. "గండిలో దిగడమేంటయ్యా, గండి పూడ్చాలి గానీ!" అన్నాడు నాన్న. బస్సంతా ఘొల్లుమంది.

అక్కడ గండి అంటే ఊరి పేరులాంటిది. పాపఘ్ని నది కొండను చీల్చుకుని బయటికొచ్చే చోటు. ఆ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి. నాన్న దిగి ఆ కొండ సందును చాలాసేపు చూశాడు. "ఇంత గండి పడితే ఎవడూ పూడ్చలేదా?" అని అడిగాడు, హాస్యానికే. కానీ ఆ ప్రశ్న నాలో అలాగే ఉండిపోయింది. మాకు గండి అంటే నీరు చేసిన నష్టం. వాళ్లకు గండి అంటే నీరు చేసిన దారి. ఒకే భాష, ఒకే మాట, రెండు వందల కోసుల లోపల రెండు అర్థాలు.

ఇంగ్లీషులో కేన్యన్ అంటారే, దానికి పత్రికలవాళ్లు 'లోయ' అని రాస్తుంటారు. నాకు ఒప్పదు. లోయ అంటే అరకులోయ. రెండు కొండల నడుమ పల్లం, అందులో ఊళ్లు, పొలాలు. కనుమ అంటే కొండను దాటే బాట. నది తన పొట్టకూటికోసం రాయిని కోసుకుంటూ పోయి నిలువు గోడలు మిగిల్చిందే, దానికి తెలుగువాళ్లు ఏనాడో పెట్టుకున్న పేరు గండి. ఆ గండి మీద కట్టిన కోట గండికోట. మాట చేతిలో పెట్టుకుని ఊరంతా వెతికాం.

గండికోటకు నేను ఉద్యోగ విరమణ అయ్యాక గానీ పోలేదు. నేను బడిపంతులమ్మను లెండి. మావారూ నేనూ గుంటూరులో నంద్యాల రైలెక్కాం. మార్కాపురం, కంభం, గిద్దలూరు దాటాక రైలు నల్లమలలో పడుతుంది. దిగువమెట్ట తర్వాత బొగద సొరంగం. డెల్టా మనిషికి ఆ ప్రయాణమే సగం యాత్ర. నంద్యాల నుంచి జమ్మలమడుగు, అక్కణ్ణించి పదిహేను కిలోమీటర్లు ఆటోలో.

ఒక్క విషయం చెప్పాలి. గండికోటకు పోతున్నప్పుడు కొండ మీదికి పోతున్నట్టు ఉండదు. ఎర్రమల కొండల మీద చదునైన నేల, రాళ్లు, ముళ్లకంప, మధ్యలో కోటగోడ. కోటలోపల ఇప్పటికీ ఊరుంది. చార్‌మినార్ అని పిలిచే చిన్న బురుజు, జైలు, పెద్ద మసీదు, దాని పక్కన ధాన్యాగారం, శిథిలమైన మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి. పెమ్మసాని నాయకులు ఏలిన కోట. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఆ తర్వాత టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి ఆయన్ను కలవడానికి ఇక్కడికే వచ్చాడు. ఆ టావెర్నియర్ మన కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనుల గురించి కూడా రాశాడు. మన వేమూరు పక్కన కొల్లూరు కాదు సుమండీ, పల్నాటి కొల్లూరు. అదిప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది.

మసీదు వెనకగా నడిచాం. రాళ్ల మీద నుంచి రాళ్ల మీదికి కాళ్లు వేసుకుంటూ ఓ ఫర్లాంగు. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. ఇంకో రాయి, ఇంకో రాయి. ఆ తర్వాత నేల లేదు. కాళ్లకింద మూడు వందల అడుగుల లోతున పెన్న. రెండు వైపులా ఎర్రటి రాతిగోడలు, ఎవరో పెట్టెలు పేర్చినట్టు, ఒకదాని మీద ఒకటి. మావారు నా కొంగు పట్టుకున్నారు. నలభై ఏళ్ల సంసారంలో ఆయన నా కొంగు పట్టుకోవడం అదే మొదలు, నన్ను ఆపడానికో, తను ఆగడానికో నాకు తెలీదు.

అక్కడొక మేకల కాపరి కూర్చుని ఉన్నాడు. "యా ఊరు మా మీది?" అన్నాడు. చెప్పాను. "కృష్ణా జిల్లానా?" అన్నాడు. గుంటూరు జిల్లా, కానీ కృష్ణ నీళ్లే తాగుతాం అన్నాను. ఆయన కిందికి వేలు చూపించి, "అయితే మీ నీళ్లే ఉండాయి సూడు ఈడ గూడా. శ్రీశైలం నుంచి వస్తాండాయి" అన్నాడు.

నిజమే. గాలేరు–నగరి పథకంలో శ్రీశైలం జలాశయం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరి, గోరకల్లు, అవుకు మీదుగా వచ్చి గండికోట జలాశయంలో పడతాయి. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. దానికోసం కొండాపురం వైపు ఊళ్లు మునిగాయి. ఆ మేకల కాపరి అత్తగారి ఊరు వాటిలో ఒకటట. కోటకు దిగువన మైలవరం జలాశయం ఉంది. అంటే గండిని కోసింది పెన్న, ఇప్పుడు అందులో చేరుతున్నది కృష్ణ. నీళ్లు ఎవరికెన్ని అన్న పంచాయితీ నాకొద్దు, దానికి పెద్దలున్నారు. నాకు గుర్తొచ్చింది మా కాలవ. శ్రీశైలంలో ఒక చెంబెడు నీళ్లు కుడివైపు తిరిగితే గండికోట గండిలోకి, తిన్నగా దిగితే నాగార్జునసాగరు, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి మా జాగర్లమూడి కాలవలోకి. మా ఊరి దగ్గర ఆ కాలవలోంచే గుంటూరు నగరానికి తాగునీరు తోడుకుంటారు.

ఆ రాళ్లను భూగర్భ శాస్త్రవేత్తలు గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. వంద కోట్ల ఏళ్లకు పూర్వపు ఇసుక, ఒత్తిడిలో గట్టిపడి రాయైంది. ఆ రాళ్లలో నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు ఉంటాయి. నది అడుగును తినేస్తుంటే పైపెట్టె పగులు వెంబడి ఊడి పడుతుంది. అందుకే గోడ నున్నగా కాకుండా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఇంతకీ మనకు కడప రాయి కొత్తదేమీ కాదు. మన డెల్టాలో వంటగది అరుగు మీద పరిచేది కడప బండే. నా చిన్నప్పట్నుంచీ రోజూ దాని మీద పచ్చడి నూరాను, అది ఏ కొండదో అడగలేదు.

కోటలోంచి నది దగ్గరికి దిగే కాలిబాట ఉంది. తెల్లవారుజామునే బయల్దేరాలి. ఎండెక్కితే ఆ రాయి పెనమవుతుంది. పట్టుకోవడానికి కమ్మీ లేదు, మెట్టు లేదు, నీళ్ల కుళాయి లేదు. అంచున నిలబడి వెనక్కి నడుస్తూ ఫోటోలు తీసుకునే కుర్రాళ్లను చూస్తే నాకు బడిలో బెత్తం గుర్తొచ్చింది. రాత్రిపూట గుడారాలు వేసుకుంటారు, బాగుంది. తెల్లారి చూస్తే రాళ్ల సందుల్లో పగిలిన సీసాలు. ఆ రాయి కోట్ల ఏళ్లు ఓపిక పట్టింది గానీ, ఆ సీసాపెంకు మీద చెప్పులేకుండా కాలు పెట్టే మేకల కాపరి పిల్లాడు పట్టలేడు కదా.

మేం గండికోట చూశాక మా అమ్మాయి ఊరుకోలేదు. అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటుంది. "అమ్మా, మా పక్కనే పెద్ద గండి ఉంది, రా" అంది. పక్కన అంటే కారులో మూడున్నర గంటలు. గ్రాండ్ కేన్యన్. 1919 ఫిబ్రవరిలో జాతీయ ఉద్యానవనం చేశారు. కొలరాడో నది కోసిన గండి. పొడవు 446 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి చెన్నై పోయినంత. లోతు మైలుకు పైన, మన గండికోటకు ఇరవై రెట్లు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కొన్ని చోట్ల 29 కిలోమీటర్లు. గుంటూరులో నిలబడి ఎదరి గట్టు తెనాలి అవతల ఉందనుకోండి.

అక్కడా అంతే. పైన్ చెట్ల అడవి, చదును నేల, ఉన్నట్టుండి నేల లేదు. కొండ దూరం నుంచే కనపడి, దగ్గరయ్యేకొద్దీ ఎత్తు పెరగడం మనకు అలవాటు. గండి అలా చెప్పి రాదు.

అందులోకి దిగే దారుల్లో పేరున్నది బ్రైట్ ఏంజెల్ ట్రెయిల్. మనకు కొండ నడక అంటే తిరుమల. అలిపిరి నుంచి 3,550 మెట్లు, ఒళ్లు బాగున్నప్పుడు ఎక్కుతాం, అలిసేసరికి గోవిందుడు ఎదురుగా ఉంటాడు. గండి నడక తలకిందులు. ఒళ్లు కులాసాగా ఉన్నప్పుడు దిగుతాం, కాళ్లు అరిగాక ఎక్కాలి. దీనికి సరైన పోలిక శ్రీశైలం పాతాళగంగ. రోప్‌వే రాకముందు పోయినవాళ్లను అడగండి. గంగలో మునగడానికి ఉరుక్కుంటూ దిగినవాళ్లు, తడిబట్టలతో ఎక్కేటప్పుడు ప్రతి మెట్టు మీదా మల్లన్నను తలుచుకున్నవాళ్లే. అసలు పాతాళగంగ మెట్లు దిగడమంటే ఏమనుకున్నారు? నల్లమలను కృష్ణ కోసుకున్న గండిలోకి దిగడమే. మన అమ్మమ్మలు బూట్లు లేకుండా, ట్రెయిల్ అన్న మాట వినకుండా, వడపప్పు మూటతో ఈ పని చేసేశారు.

గ్రాండ్ కేన్యన్ రేంజర్లు అందరికీ చెప్పే మాటొకటి ఉంది. దిగడం మీ ఇష్టం, ఎక్కడం మాత్రం తప్పదని. ఎండాకాలంలో పది గంటల నుంచి నాలుగు దాకా లోపల నడవొద్దంటారు. గట్టు ఏడు వేల అడుగుల ఎత్తున చల్లగా ఉంటుంది. దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. అడుగున నది దగ్గర వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది. పైన స్వెట్టరు, కింద రెంటచింతల ఎండ. ఇంకో హెచ్చరిక నాకు బాగా నచ్చింది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడట, కాబట్టి నీళ్లతో పాటు ఉప్పగా ఏదైనా తింటూ ఉండాలి. మా అమ్మాయి కొట్లో ఏవో పొట్లాలు కొనబోయింది. నా సంచీలో జంతికలున్నాయన్నాను.

మేం నది దాకా పోలేదు. ఒక రోజులో దిగి ఎక్కాలనుకోవద్దని వాళ్లే చెబుతారు. మైలున్నర దగ్గర ఒక రాతి విశ్రాంతి గది ఉంది, అక్కడిదాకా. అంతలోనే 1,120 అడుగులు దిగిపోయాం. దారి పాములా మెలికలు. ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారివ్వాలి. కంచరగాడిదలు వస్తే అందరూ గోడవైపు ఒదిగి నిలబడాలి. అడుగున ఉన్న ఫాంటమ్ రాంచ్ అనే విడిదికి ఉత్తరాలూ సరుకులూ వాటిమీదే పోతాయి. దిగడానికి గంట పట్టింది. ఎక్కడానికి రెండున్నర. మధ్యలో ఒక కుర్రాడు నన్ను దాటిపోతూ బాగున్నారా అని సైగ చేశాడు. జంతిక ఇచ్చాను.

కూర్చున్న చోట మనవడు ఫోనులో పటం తీసి, ఎదురుగా ఉన్న శిఖరాల పేర్లు చదవడం మొదలెట్టాడు. "అమ్మమ్మా, బ్రహ్మ టెంపుల్. అటు విష్ణు టెంపుల్, శివ టెంపుల్. రామా ష్రైన్. కృష్ణా ష్రైన్." నేను వాడు ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదు. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గండి మీద 1882లో పెద్ద పుస్తకం రాశాడు. ఆ శిఖరాలు ఆయనకు తూర్పుదేశాల గుళ్లలా కనిపించాయి, మన దేవుళ్ల పేర్లు పెట్టాడు. వెనక వచ్చినవాళ్లు ఆ వరస సాగించారు. అడుగున ఉన్న నల్లటి రాయి పేరు కూడా విష్ణు షిస్ట్. దాని వయసు 170 కోట్ల ఏళ్లకు పైనే. పైగట్టు రాయి 27 కోట్ల ఏళ్లది. ఆ నేల మీద ముందునుంచీ ఉన్న హవాసుపాయి వంటి జాతులకు వాళ్ల పేర్లు వాళ్లకుండగా మన దేవుళ్లు అక్కడ ఎందుకు అనిపించింది గానీ, కృష్ణా ష్రైన్ అన్నప్పుడు చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పేరు పెట్టినవాళ్లు కృష్ణుడి పేరు పెట్టారు, నేను దణ్ణం పెట్టింది మా నదికి.

తర్వాత యూటా రాష్ట్రంలో జయన్ అనే గండి కూడా చూశాం. అక్కడ నారోస్ అనే చోట దారే ఉండదు, వర్జిన్ నదిలోనే మోకాలిబంటి నీళ్లలో నడవాలి. రెండు గోడల మధ్య ఆకాశం పంచె అంచులా కనపడుతుంది. బయల్దేరే ముందు వరద హెచ్చరిక చూసుకోవాలి. తలమీద ఎండ కాస్తూనే ఉంటుంది, ఎక్కడో దూరాన వాన పడి నీటిగోడ వచ్చేస్తుంది. అరిజోనాలో నవాహో వాళ్ల నేల మీద యాంటిలోప్ కేన్యన్ అని సన్నటి గండి ఉంది. 1997 ఆగస్టు 12న అందులో దిగిన పదకొండు మంది అలాగే పోయారు. ఆ చోట వాన లేదు, ఎగువన పడింది. అల్లుడు ఆ సంగతి వింతగా చెబుతుంటే నాకు వింతనిపించలేదు. మన డెల్టా మనిషికి ఇది ఉగ్గుపాలతో తెలుసు. మన ఊళ్లో చినుకు లేకపోయినా మహారాష్ట్రలో కురిస్తే మన గట్టు కాపలా కాయాలి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొల్లిపర, కొల్లూరు వైపు గట్ల మీద జనం రాత్రుళ్లు మేలుకునే ఉన్నారు. నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ రాత్రి మా ఇంట్లో కూడా ఎవరూ ఆ మాట పలకలేదు.

ఒక సంగతి మాత్రం ఫీనిక్స్ నుంచి తిరిగొచ్చినా నన్ను వదల్లేదు. కొలరాడో అంటే స్పానిష్ భాషలో ఎర్రనిదని అర్థం. ఒండ్రుతో ఎర్రగా పారేదట. 1963లో ఎగువన గ్లెన్ కేన్యన్ ఆనకట్ట గేట్లు దించారు. ఒండ్రు వెనకే ఆగిపోయింది. ఇప్పుడు చాలా రోజులు నది పచ్చగా, తేటగా పోతుంది. చూడ్డానికి అందమే. కానీ గండిలోపలి ఇసుక తిన్నెలు కరిగిపోతున్నాయి. అందుకని 1996 నుంచి అప్పుడప్పుడు కావాలనే వరద వదులుతున్నారు, అడుగున ఉన్న ఇసుకను లేపి ఒడ్డున వెయ్యడానికి. వరద రాకూడదని మొక్కుకునే ఊరి నుంచి వెళ్లినదాన్ని, వరద చేసి పంపుతారంటే నోరు తెరిచాను. మనకూ ఎగువన శ్రీశైలం, సాగరు ఉన్నాయి. అన్నం పెట్టాయి, కాదనను. ఒండ్రు మాత్రం అక్కడే దిగబడుతోంది. మన నేల ఒండ్రు నేల. నల్లమలలోనో, ఇంకా పైననో నది కోసుకున్న ప్రతి గండీ ఇక్కడ పొలమై పరుచుకుంది. రేపల్లె అవతల సముద్రం ఒడ్డును కొరుకుతోందంటే అందులో ఈ లెక్క కూడా ఉంది.

నా చిన్నప్పుడు కాలవకు కొత్త నీరు వచ్చిన రోజు ఊళ్లో పండగ. నీళ్లు ఎర్రగా, చిక్కగా వచ్చేవి. అమ్మ బిందె ముంచుకొచ్చి, చిల్లగింజ అరగదీసి అందులో కలిపి మూతపెట్టేది. తెల్లారేసరికి పైన తేట నీరు. అడుగున వేలెడు ఎర్రమడ్డి. తేట మేం తాగేవాళ్లం. ఆ మడ్డిని అమ్మ పారబొయ్యకుండా కరివేపాకు చెట్టు మొదట్లో పోసేది. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది.